గిడుగు మాష్టారు – పరీక్షల తెలుగు

ప్రతి ఏటా ఆగస్టు 29న పిల్లలచేత పద్యాలు చెప్పించి, నాటికలు వేయించి తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. అది గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు. ఆయన అన్నిటికంటే ముందు ఒక బడిపంతులన్న సంగతి మాత్రం మరచిపోతుంటాం.

గిడుగు వారు 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. విజయనగరంలో గురజాడ అప్పారావు గారితో కలిసి చదువుకున్నారు. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా చేరి, సుమారు ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పారు. ఆ చుట్టుపక్కల కొండల్లోని సవరలకు వాళ్ళ మాటలోనే చదువు చెప్పాలనుకున్నారు. సవర వచ్చిన ఒకరిని ఇంట్లో ఉంచుకుని ఆ భాష నేర్చుకున్నారు, పుస్తకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు పెట్టారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైను వల్ల చెవుడు వచ్చింది. అయినా పని మానలేదు.

ఆ రోజుల్లో తెలుగు పిల్లలు ఇంట్లో మాట్లాడేది ఒకటి, పరీక్షలో రాయవలసింది మరొకటి. పరీక్షకు గ్రాంథికం కావాలి కనుక తరగతిలోనూ అదే. పిల్లవాడికి తోచింది రాసే వీలు లేకుండా పోయింది. పాఠం మారాలంటే ముందు పరీక్ష మారాలని గిడుగు వారు గ్రహించారు. ఆయన, గురజాడ, శ్రీనివాస అయ్యంగారు, బడుల తనిఖీ అధికారి యేట్స్ దొర కలిసి చేసిన కృషి వల్ల 1912–13లో స్కూలు ఫైనలు వ్యాసం వాడుక భాషలోనూ రాయవచ్చన్నారు. పండితులు గట్టిగా వ్యతిరేకించడంతో ప్రభుత్వం కొద్ది కాలానికే ఆ అనుమతిని వెనక్కు తీసుకుంది. గిడుగు వారు వెనక్కు తగ్గలేదు. పండితుల గ్రాంథికంలోనే ఎన్ని తప్పులున్నాయో ఒక్కొక్కటీ ఎత్తి చూపారు. 1919లో 'తెలుగు' పత్రిక నడిపారు. 1940లో కన్నుమూశారు. ఇప్పుడు మన పిల్లల వాచకాల్లో ఉన్నది ఆయన కోరిన తెలుగే.

ఇక మా సంగతి. మేమంతా ఎంసెట్ ర్యాంకుల వెంట పరుగెత్తి ఇంజనీర్లమైన వాళ్ళమే. ఇక్కడ వారమంతా పిల్లలకు స్కూలు పరీక్షల హడావుడి చాలదన్నట్టు, ఆదివారం కూడా మేము మాదిరి ప్రశ్నలు ఇచ్చి బట్టీ పట్టించాం. పోయిన ఏడు నూటికి తొంభై అయిదు తెచ్చుకున్న ఒక పాప, ఫోనులో అమ్మమ్మ ఏం తిన్నావని అడిగితే జవాబు చెప్పలేక ఫోను అమ్మ చేతికిచ్చింది. ఆ తప్పు పాపది కాదు, మాది.

అందుకే ఈ ఏడు పరీక్షలో సగం మార్కులు మాట్లాడడానికే కేటాయించాం. తాతయ్య చెప్పిన కథో, తమ్ముడితో పడిన పోట్లాటో, పిల్లలు తమ మాటల్లో చెబితే చాలు. తప్పులు దొర్లుతాయి, దొర్లనివ్వండి. అమ్మా నాన్నలకు మా మనవి ఒక్కటే: ఆదివారం కారెక్కగానే ఎన్ని మార్కులు వచ్చాయని అడగకండి. ఈ రోజు ఏ కథ చెప్పావని తెలుగులో అడగండి.