తండ్రి అప్పగించిన నియమం: తాళ్ళపాక అన్నమాచార్యుల వారి పుణ్యచరిత్ర



మీ ద్రవ్యంతో, మీ శ్రమతో ఈ ఆలయ జీర్ణోద్ధారణ పూర్తియై, మహాసంప్రోక్షణ జరుగుచున్న శుభవేళ ఇది. బాలాలయంలో ఆరాధనలందుకొన్న స్వామి తిరిగి గర్భాలయంలో వేంచేయుచున్నారు. రాతికి చేయవలసినది మనం చేసితిమి. ఇక మన బిడ్డలకు చేయవలసినది మిగిలియున్నది. ఆ విషయంలో మనకు దారి చూపగల మహనీయుడు పదకవితా పితామహుడు శ్రీ తాళ్ళపాక అన్నమాచార్యులవారు. వారి చరిత్రను సావధానంగా చిత్తగించవలసినదిగా ప్రార్థన.

ఆ మహనీయుని కథ ఆయన తాతగారితో ఆరంభమగుచున్నది. తాత నారాయణయ్యకు బాల్యంలో చదువు అబ్బలేదు. ఊటుకూరులో గురువు విధించిన శిక్షలకు తాళలేక, ఆ బాలుడు చింతలమ్మ గుడి వద్ద పాముపుట్టలో చేయి పెట్టినాడు. అప్పుడు ఆ తల్లి ప్రత్యక్షమై, అతని మూడవ తరంలో పరమ భాగవతుడు జన్మించగలడని అభయమిచ్చినదట. మనుమడు చిన్నన్న ద్విపదలో రచించిన అన్నమాచార్య చరిత్రము ద్వారా ఈ వృత్తాంతం మనకు దక్కినది. చదువురాని బాలుని వంశంలోనే సరస్వతి తాండవించినది. కనుక మందమతియని ఏ బిడ్డనూ మనం త్రోసిపుచ్చరాదు.

రాజంపేట చెంతనున్న తాళ్ళపాక గ్రామంలో 1408వ సంవత్సరంలో నారాయణసూరి, లక్కమాంబ దంపతులకు అన్నమయ్య జన్మించారు. ఉమ్మడి కుటుంబంలో పెద్దలు చెప్పిన పనిపై గడ్డి కోయబోయి, కొడవలి తగిలి వ్రేలు తెగగా, వైరాగ్యం కలిగి, తిరుమలకు పోవు యాత్రికుల గుంపులో కలిసిపోయారు. కొండపై ఘనవిష్ణు యతీంద్రుల వలన వైష్ణవ దీక్ష పొందారు. పదునారవ యేట, అనగా 1424లో, స్వామి సాక్షాత్కారం లభించినదనియు, నాటినుండి సంకీర్తనా సేవ ఆరంభమైనదనియు రాగిరేకులే సాక్ష్యమిచ్చుచున్నవి. పిమ్మట అహోబిలంలో ఆదివణ్ శఠకోప యతీంద్రుల సన్నిధిలో వేదాంతం అభ్యసించారు.

సాళువ నరసింహరాయలు ఆయనను ఆదరించి ఆస్థానానికి రప్పించుకొన్నారు. స్వామిపై చెప్పిన శృంగార పదం విని ముగ్ధుడై, తనపై కూడా అటువంటి పదం చెప్పవలసినదిగా కోరినాడు. హరిని కొలిచిన నోట నరస్తుతి రాదని అన్నమయ్య నిరాకరించారు. రాజు సంకెలలు వేయించగా, స్వామిని వేడినంతనే అవి సడలిపోయినవని చరిత్ర. బిడ్డలారా, ఇట్లుండవలెనని ఆయన ఉపన్యసించలేదు. కానీ ఆ సంకెలల కథ ఆ యింటి పిల్లలందరికీ తెలియును. అంతకు మించిన బోధ ఏమి కావలెను?

ఆ గృహమే ఒక విద్యాలయం. ధర్మపత్ని తిమ్మక్క సుభద్రా కల్యాణం రచించినది. కుమారుడు పెద తిరుమలాచార్యులు సంకీర్తనలతోపాటు నీతిసీస శతకం రచించారు. మనుమడు చిన తిరుమలాచార్యులు తాతగారి సంస్కృత సంకీర్తన లక్షణాన్ని తెనిగించారు. సంస్కృత మూలం నేడు లభ్యం కాదు. మనుమని తెనుగు వలననే తాతగారి శాస్త్రం మనకు దక్కినది.

1503వ సంవత్సరం, దుందుభి నామ సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశినాడు అన్నమాచార్యులవారు పరమపదించారు. ముప్పది రెండు వేల సంకీర్తనలు చెప్పిన ఆ మహానుభావుడు, అంత్యకాలంలో కుమారుని చేరబిలిచి, దినమునకు ఒక్క సంకీర్తనకు తక్కువ కాకుండ స్వామికి సమర్పించవలసినదని నియమించారట. తన వలె వేలకొలది చెప్పుమని శాసించలేదు. దినమునకు ఒక్కటి చాలునన్నారు. ఎంత చిన్న నియమమో చూడుడు! మోయగలిగినంత బరువే తండ్రి మోపినాడు గనుక కుమారుడు జీవితాంతం మోసినాడు.

ఆ కుమారుడే తండ్రి కీర్తనలను రాగిరేకులపై చెక్కించి, తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో భద్రపరచినారు. మనుమడు చిన తిరుమలాచార్యులు 1540లో, శిథిలమైయున్న శ్రీనివాస మంగాపురం కల్యాణ వేంకటేశ్వరస్వామి ఆలయాన్ని ఉద్ధరించి, ఆరాధనలు తిరిగి నెలకొల్పినారు. నేడు మీరు చేసిన కైంకర్యం ఆ పుణ్యపరంపరలోనిదే.

అయితే ఇందులో ఒక హెచ్చరిక కూడ కలదు. కాలక్రమాన లోకం ఆ భాండారాన్ని మరచినది. శతాబ్దాల పిమ్మట, 1920 ప్రాంతాన అది వెలుగులోనికి వచ్చినది. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ ప్రభృతులు శ్రమించి పరిష్కరించారు. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టును నెలకొల్పినది. రేకులపై సాహిత్యం ఉన్నది, రాగం పేరు ఉన్నది, స్వరం మాత్రం లేదు. అన్నమయ్య పాడిన వరుసలు చాలావరకు లుప్తమైపోయినవి. నేడు మనం వినుచున్నవి పెక్కు ఆధునికులు కట్టిన బాణీలు. రాగి అక్షరాన్ని కాపాడగలిగినది, గొంతును కాపాడలేకపోయినది. గొంతును కాపాడగలిగినది మరొక గొంతు మాత్రమే.

ఈ మాట మీకు ఎందుకు విన్నవించుచున్నాననగా, అర్చన వేళ గోత్రమేమని అడిగినప్పుడు, ఇంటికి ఫోను చేసి తెలుసుకొను యువకులను నేను తరచు చూచుచున్నాను. వారి తాతగారి పేరు అదే మండపంలో శిలాఫలకంపై ఉండును. తప్పు ఆ బిడ్డలది కాదు. చెప్పవలసిన మనం చెప్పలేదు. తైత్తిరీయ శిక్షావల్లిలో గురువు శిష్యుని సాగనంపుచు సంతాన తంతువును తెగనీయరాదని ఆదేశించును. ఆ తంతువు దేహానికే కాక విద్యకూ, ఆచారానికీ చెందినదని మా గురువులు బోధించినారు.

కావున దాతలకు, భక్తులకు నాదొక విన్నపము. సంప్రోక్షణానంతరం జరుగు మండలాభిషేకపు నలుబది ఎనిమిది దినములలో ఒక్కనాడైనను మీ బిడ్డలను, మనుమలను వెంటబెట్టుకొని రండు. ఫలకంపై మీ పేరు చూపుటకు ముందు, గోత్రము, ప్రవర చెప్పించుడు. ఒక్క సంకీర్తన నేర్పించుడు. మీకు రానిచో సాయమారాధన ముగిసిన పిదప నేను మండపంలోనే కూర్చుండెదను, నేర్పెదను. ఇంటివద్ద సంధ్యాదీపం ముందు దినమునకు ఒక్క పాట, ఆ నియమం చాలును.

ఈ ప్రాకారం మరల జీర్ణించు కాలము రాక మానదు. నాడు దానిని ఉద్ధరింపగల చేతులు నేడు మీ యింట ఆడుకొనుచున్నవి. వారికి శ్రీనివాసుడు ఆయురారోగ్య ఐశ్వర్యములను, భక్తిని ప్రసాదించుగాక!

సర్వే జనాః సుఖినో భవన్తు.