జహంగీర్ బాద్షా జీవితం – మత్తు చేసిన చేటు

జహంగీర్ బాద్షా పేరు చెప్పగానే మన పిల్లలు న్యాయగంట కథ అందుకుంటారు. ఆగ్రా కోట బురుజు నుంచి యమున ఒడ్డు దాకా బంగారు గొలుసు కట్టించి, దానికి గంటలు వేలాడదీయించి, అన్యాయం జరిగినవాడు ఎవడైనా వచ్చి లాగవచ్చునని చాటించిన పాలకుడాయన. మేమూ యిరవై ఏళ్లుగా తరగతిలో ఆ కథే చెబుతున్నాం. కాని ఆయన జీవితంలో పాఠ్యపుస్తకానికి ఎక్కని అధ్యాయం యింకొకటి వున్నది. ఆయన దాన్ని దాచుకోలేదు, ఫార్సీలో రాసుకున్న ఆత్మకథలో తానే విప్పి చెప్పాడు.

పోయిన సంవత్సరం మా బడికి ఒక పిల్లవాడి తండ్రి వచ్చాడు. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం చెయ్యమంటే పెన్ను పట్టుకున్నాడు గాని చెయ్యి నిలవలేదు. వయసు చూస్తే నలభై లోపే. కొడుకు తలవంచుకుని నిలబడ్డాడు. ఆ చెయ్యి చూసినప్పుడే మాకు జహంగీర్ గుర్తుకొచ్చాడు.

1569లో పుట్టిన షహజాదా సలీంకు పదిహేడు, పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా మత్తు అలవాటు లేదు. పసితనంలో దగ్గు వస్తే మందుగా రెండు మూడుసార్లు గులాబీనీళ్లలో కలిపి పట్టారంతే. అక్బర్ పాదుషా సైన్యంతో సింధు నది ఒడ్డున అటక్ దగ్గర విడిది చేసిన రోజుల్లో ఒకనాడు వేటకు వెళ్లి బాగా అలసిపోయాడు. ఒక గిన్నెడు షరాబు తాగితే బడలిక తీరిపోతుందని ఒక తుపాకీ వస్తాదు సలహా చెప్పాడు. ఒక హకీము ఇంటి నుంచి చిన్న సీసాలో ఒకటిన్నర గిన్నెడు తీయని షరాబు వచ్చింది. తాగాడు, హాయిగా అనిపించింది. మొదలు అంతే!

ఆ తర్వాత రోజురోజుకీ పెరిగింది. కొంతకాలానికి ద్రాక్ష షరాబు పనిచెయ్యటం మానేసింది. దాంతో సారాకు దిగాడు. తొమ్మిదేళ్లు తిరిగేసరికి రెండుసార్లు కాచిన సారా రోజుకు యిరవై గిన్నెలయింది. పగలు పధ్నాలుగు, మిగిలినవి రాత్రి. తిండి మాత్రం ఒక కోడి, కొంచెం రొట్టె, ముల్లంగి. చివరికి చేతులు ఎంతగా వణికాయంటే గిన్నె తానుగా పట్టుకోలేకపోయాడు, పక్కవాళ్లు తాగించవలసి వచ్చింది. అప్పటికి ఆయన వయసు సుమారు పాతికేళ్లు!

ఎందుకిలా అవుతుందో నేటి వైద్యులు చెబుతున్నారు. రోజూ మత్తు పడుతుంటే మెదడు, నరాలు దానికి అలవాటుపడి, అదే మోతాదు చాలకుండా పోతుంది. అందక తగ్గినప్పుడు నరాలు రేగి చేతులు వణుకుతాయి. లోపల కాలేయం కొంచెం కొంచెంగా గట్టిపడుతుంది, గుండె కండరం బలహీనమవుతుంది. ఇవన్నీ చాలాకాలం పైకి కనిపించవు.

షహజాదాకు ఎదురుచెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. హకీం హుమాం ఒక్కడు దాపరికం లేకుండా చెప్పాడు. ఇట్లాగే సాగితే ఆరు నెలల్లో ఏ మందుకూ లొంగని స్థితి వస్తుందన్నాడు. సలీం ఆ మాట విన్నాడు. సారాలో షరాబు కలిపి పలచన చేసుకుంటూ, ఏడేళ్లు కష్టపడి ఆరు గిన్నెలకు తెచ్చాడు. ఒక్కసారిగా ఆపకుండా మెల్లగా తగ్గించటం మంచిదే అయింది. విపరీతంగా తాగేవాడు హఠాత్తుగా మానితే మూర్ఛలు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఆ పని వైద్యుడి చేతుల మీదుగా జరగాలి.

కాని తగ్గించిన చోట యింకొకటి వచ్చి కూర్చున్నది. అది నల్లమందు. 1616 నాటికి పగలు ఎనిమిది, రాత్రి ఆరు గురిగింజల ఎత్తు నల్లమందు రోజూ పడవలసిందే. నల్లమందు ఆకలిని చంపుతుంది, మలబద్ధకం తెస్తుంది, ఊపిరిని మందగింపజేస్తుంది.

తమ్ముళ్ల సంగతి యింకా ఘోరం. మురాద్ 1599లో మన దక్కను దండయాత్రలోనే తాగుడుతో చనిపోయాడు. ముప్ఫై ఏళ్లు నిండలేదు. దానియాల్‌ను కాపాడాలని అక్బర్ కాపలా పెట్టించాడు. అయినా తుపాకీ గొట్టంలో సారా పోయించుకుని తెప్పించుకున్నాడు. 1605లో బుర్హాన్‌పూర్‌లో అతనూ పోయాడు. అదే సంవత్సరం జహంగీర్ తఖ్తు ఎక్కి, మత్తుపదార్థాలు తయారు చెయ్యరాదు, అమ్మరాదు అని ఫర్మానా యిచ్చాడు. తాను మాత్రం మానలేదని తానే రాసుకున్నాడు. ఆజ్ఞ ఒకటి, ఆచరణ ఒకటి.

1616లో మరొక పొరపాటు చేశాడు. ఇరవై నాలుగేళ్లు వచ్చినా షరాబు రుచి ఎరుగని కొడుకు ఖుర్రంకు, పండుగ రోజుల్లో మితంగా తాగమని నచ్చజెప్పి తానే తాగించాడు. అయితే ఆ కొడుకే, తర్వాత షాజహాన్‌గా పేరుపొందినవాడు, 1621లో దక్కనుకు వెళ్తూ చంబల్ నదిలో షరాబు పారబోయించి, గిన్నెలు పగలగొట్టించి మానేశాడు. మానగలమని చూపినవాడు ఆ యింట్లోనే వున్నాడు.

1620లో కాశ్మీరులో జహంగీరుకు ఊపిరాడని జబ్బు మొదలయింది. తాగితే కాస్త తేలికగా వున్నట్టు తోచి, పగలు కూడా తాగటం మొదలుపెట్టాడు. జబ్బు ముదిరింది. నూర్జహాన్ బేగం పట్టుబట్టి కొంచెం కొంచెంగా గిన్నెలు తగ్గించింది. 1622 నాటికి కలం పట్టే శక్తి తగ్గిపోయి ఆత్మకథ రాసే పని ముఅతమద్ ఖాన్‌కు అప్పగించాడు. 1627లో కాశ్మీరులో అన్నం సయించలేదు. నలభై ఏళ్లు తోడున్న నల్లమందు కూడా వద్దన్నాడు. లాహోరుకు తిరిగివచ్చే దారిలో ఒక గిన్నె షరాబు అడిగాడు. పెదవుల దాకా వచ్చింది గాని గొంతు దిగలేదు. అక్టోబరు 28న కన్నుమూశాడు. అప్పటికి యాభై ఎనిమిదేళ్లు.

పాఠకులారా, ఖజానా, హకీములు, ప్రేమించే భార్య అన్నీ వున్న బాద్షా గతి ఇది. మన దీను మత్తును హరాం చేసిన సంగతి మనందరికీ తెలుసు. తెలిసినంత మాత్రాన చాలలేదని బాద్షా కథే చెబుతున్నది. మన గల్లీల్లో కల్తీ కల్లు, సారా, గుట్కా ఎన్ని యిళ్లు కూలుస్తున్నాయో చూస్తూనే వున్నాం. చెడిపోయాడని అటువంటివాణ్ణి వెలివేస్తే దాక్కుని తాగుతాడు. హకీం హుమాం లాగా మొహం మీద నిజం చెప్పి, చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లేవాడు ఒక్కడుంటే చాలు.

ఆనాడు ఆ తండ్రికి మేము ఏమీ చెప్పలేకపోయాం. మొహమాటం అడ్డం వచ్చింది. కొడుకు చెయ్యి ఆనిస్తే ఎట్లాగో సంతకం పూర్తి చేసి వెళ్లిపోయాడు. ఈసారి వస్తే ఆ కాగితం పక్కన పెట్టి, కుర్చీ వేసి, ముందు ఈ మాట మాట్లాడదలచుకున్నాం.