మాలపల్లి కర్త ఉన్నవ లక్ష్మీనారాయణగారు

మన గ్రంథాలయమున నేడు ఎవరడిగినను లభించు 'మాలపల్లి' నవల ఒకనాడు ప్రభుత్వ నిషేధమునకు గురియైనది. దాని కర్త ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1877లో గుంటూరు మండలమందలి వేములూరుపాడున జన్మించిరి.

1913లో ఐర్లండునకేగి, డబ్లిన్ నగరమున న్యాయశాస్త్రమభ్యసించి, బారిస్టరై 1916లో మరలి వచ్చిరి. స్వాతంత్ర్యము కొఱకు ఆ దేశీయులు పడుచుండిన ఆరాటమును కన్నులార చూచిరి. పిదప సహాయ నిరాకరణోద్యమమున చేరి, 1921లో పలనాటి రైతుల పుల్లరి పోరాటమున పాల్గొని కారాగారమున కేగిరి.

రాయవెల్లూరు చెఱసాలయే వారి రచనామందిరమైనది. కూలివారి పక్షమున నిలిచి ప్రాణము కోల్పోయిన సంగదాసు కథను, ఆ పల్లెజనుల పలుకుబడితోనే వ్రాసిరి. ఎవరి బ్రతుకును వ్రాయుదుమో వారి మాటకును గ్రంథమున చోటుండవలెనని వారి రచనయే చాటుచున్నది.

1922లో అచ్చైన ఆ నవలను ప్రభుత్వము నిషేధించెను. 1928లో కొన్ని మార్పులతో అనుమతించి, 1936లో మరల నిషేధించెను. 1937లో రాజాజీ మంత్రివర్గము ఆ నిషేధమును తొలగించినది.

సతీమణి లక్ష్మీబాయమ్మగారితో కలసి వారు గుంటూరున శారదానికేతనమును స్థాపించి స్త్రీవిద్యకై పాటుపడిరి. 1958లో కీర్తిశేషులైరి.

ప్రత్తిచేలలో కూలి చేయు మన ఆదోని ప్రాంతపు సోదరుడు సంగదాసు కథను ఇచ్చట అందరి సరసను కూర్చుండి చదువుటయే ఆ మహనీయునకు మనమర్పింపగల నివాళి.