యల్లాప్రగడ సుబ్బారావుగారి ఋణము

నందికొట్కూరు ఆసుపత్రికి వచ్చు గర్భిణీస్త్రీల చేతిలో ఒక ఎఱ్ఱని మాత్ర పెట్టుదురు. అందు ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లము గలదు. ఆ మాత్ర వెనుక భీమవరమున బుట్టిన యొక తెలుగువాని పరిశ్రమ యున్నదని దానిని మ్రింగు తల్లికి తఱచు తెలియదు. ఆ ఫోలిక్ ఆమ్లమునకే విరోధియగు మఱియొక మందు, పసిబిడ్డల బలిగొను తీవ్ర లుకేమియాకు, అనగా రక్తపు కాన్సరునకు, మొట్టమొదట అడ్డు నిలిచెను. ఈ రెండింటి చరిత్రలోను ముఖ్యులైన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితమును మా పాఠకులకు జ్ఞప్తికి దెచ్చుట మా విధియని తలచుచున్నాము.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన జగన్నాథముగారికిని వెంకమ్మగారికిని జన్మించిరి. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న యుద్యోగి. వ్యాధిచే కాలము తీరకుండగనే కొలువు వదలవలసి వచ్చెను. ఇంట లేమి. బాలునకు చదువుపై మనసు లేదు. కాశికి బోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనవంతుడు కావలెనని పదమూడేండ్ల ప్రాయమున ఇల్లు విడిచి పోగా, పెద్దలు పట్టి తెచ్చిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు చెన్నపట్టణపు హిందూ హైస్కూలునుండి గట్టెక్కిరి. పిమ్మట రామకృష్ణమఠమున జేరి సన్న్యసింప నెంచిరిగాని తల్లి సమ్మతింపలేదు. మఠమువారును వైద్యమభ్యసించి ప్రజలకు సేవ చేయుట మేలని బోధించిరి. మిత్రులును, మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును తోడ్పడగా మద్రాసు వైద్యకళాశాలలో చదువు సాగెను.

అచట వారికి జరిగిన అన్యాయము చిన్నది కాదు. గాంధీమహాత్ముని పిలుపు విని, శస్త్రచికిత్స వేళ సైతము ఖద్దరు ధరించుట ఆంగ్లేయాచార్యునకు కంటగింపయ్యెను. పరీక్షలు చక్కగ వ్రాసినను, పూర్ణమైన పట్టమునకు బదులు దానికంటె తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టముతో సరిపెట్టుకొనవలసి వచ్చెను. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగము దొరకలేదు. డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రము బోధించుచు కాలము గడపిరి.

ఇంతకుమించిన దెబ్బ ఇంటిలోనే తగిలెను. సోదరులిద్దరు ఎనిమిది దినముల వ్యవధిలో స్ప్రూ అను గ్రహణివ్యాధికి బలియైరి. అదే వ్యాధి సుబ్బారావుగారిని గూడ పట్టగా, లక్ష్మీపతిగారి చికిత్సచే బ్రతికి బయటపడిరి. ఏ వ్యాధి తోబుట్టువులను గొనిపోయెనో, దానికి పనికివచ్చు ఫోలిక్ ఆమ్లమును కాలాంతరమున తన ప్రయోగశాలయందే తయారు చేయించుట ఈ జీవితమునందలి విశేషము.

అమెరికాకు పోవలెనన్న ధనమేది? మామగారు కొంత యిచ్చిరి. రంగూనులో ధనమార్జించిన మల్లాడి సత్యలింగ నాయకరుగారి పేర కాకినాడలో వెలసిన ధర్మసంస్థ సహాయము చేసెను. ఈ దానమును పాఠకులు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము. 1923వ సంవత్సరము అక్టోబరులో సుబ్బారావుగారు బోస్టను చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్యశాలలో విద్యార్థియైరి. పొట్టకూటికై రాత్రులు ఆసుపత్రిలో కూలిపని చేసిరి. వారు వెళ్లిన పిమ్మట జన్మించిన కుమారుడు ఏడాదియైన నిండకుండగనే మరణించెను. భార్య శేషగిరిగారు మరల భర్తను చూడనేలేదు. ఈ నష్టమును పొగడ్తలమాటున దాచుట మాకిష్టము లేదు. విజ్ఞానమునకు వారు చెల్లించిన మూల్యములో సగము ఆ యిల్లాలు చెల్లించినది.

హార్వర్డులో సైరస్ ఫిస్కేగారితో గూడి రక్తమున భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. అది నేటికిని వారిరువురి పేరనే చెల్లుచున్నది. కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటినును, జీవకణముల శక్తినిధియగు ఏ.టి.పి.ని అటుపిమ్మట వెల్లడించిరి. ఇంత చేసినను అచట స్థిరమైన పదవి లభింపలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రమందలి పెర్ల్ రివరులోని లెడర్లీ ప్రయోగశాలలో జేరి, పరిశోధనలకు అధిపతియైరి. బోదకాలు వ్యాధికి నేటికిని వాడు డైఈథైల్‌కార్బమజీను అచటినుండియే వచ్చినది.

ఇక ఫోలిక్ ఆమ్లపు సంగతి. బొంబాయి మిల్లులలో పనిచేయు గర్భిణీస్త్రీల పాండురోగమును 1930 ప్రాంతమున లూసీ విల్స్ అను వైద్యురాలు పరిశోధించి, ఈస్టు సారముతో అది కుదురుట గనిపెట్టెను. ఆ సారమందలి గుణమునకు కారణమైన పదార్థము ఫోలిక్ ఆమ్లమే. దానిని కృత్రిమముగా తయారుచేయు మార్గమును 1945లో లెడర్లీవారు సాధించిరి.

బోస్టను పిల్లల ఆసుపత్రిలోని సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు ఈ జాతి పదార్థములను లుకేమియా బిడ్డలకిచ్చి చూడగా, వ్యాధి తగ్గుటకు మారు పెచ్చు పెరిగినట్లు తోచెను. ఓటమివలె కనబడిన ఆ ఫలితమునందే త్రోవ దొరకినది. ఆ పదార్థము వ్యాధికణములకు ఆహారమైనచో, దానిని బోలిన కపటపదార్థమునిచ్చి వాటిని మోసగింపవచ్చును గదా! విత్తనపు జొన్నలకు బదులు వాటిని బోలిన తాలుగింజలు చల్లినచో చేను మొలకెత్తదు. అట్లే విభజన పొందవలసిన కణము ఈ తాలును గ్రహించి నిలిచిపోవును. సుబ్బారావుగారి బృందము తయారుచేసిన అమినోప్టెరినును ఫార్బరుగారు 1947 చివర బిడ్డలకు వాడిరి. 1948 జూనులో ప్రకటించిన వివరముల ప్రకారము 16 మంది బిడ్డలలో 10 మందికి గుణము కనిపించెను. ఒక్కరే యంతయు చేసిరనుట సత్యము గాదు. ఇది పలువురి పని. కాని దారి చూపిన పెద్ద సుబ్బారావుగారు.

ఆ గుణము కొలదినెలలే నిలిచినది. వ్యాధి మరల తలయెత్తెను. ఆ సంవత్సరము ఆగస్టునందే, 53 ఏండ్ల ప్రాయమున, సుబ్బారావుగారు నిద్రలో కన్నుమూసిరి. తాము నాటిన చెట్టు ఫలమును వారు చూడలేదు. అమినోప్టెరినునకు తోబుట్టువైన మెథోట్రెక్సేటు నేటికిని ఈ వ్యాధి చికిత్సలో ముఖ్యమైన మందు. ఇతర మందులతో గలిపి రెండు మూడేండ్లు చికిత్స సాగించుటచే, సంపన్నదేశములలో లింఫోబ్లాస్టిక్ జాతి తీవ్ర లుకేమియా గల బిడ్డలలో నూటికి సుమారు 90 మంది బ్రతుకుచున్నారు.

మందులకు లొంగని వ్యాధికి మూలుగమార్పిడి గలదు. రోగి మూలుగను నశింపజేసి, సరిపడిన తోబుట్టువునుండి గాని ఇతర దాతనుండి గాని తీసిన రక్తపు మూలకణములను ఎక్కింతురు. ఒక్కొక్క తోబుట్టువు పూర్తిగా సరిపడుటకు నాలుగింట నొక వంతే యవకాశము. వచ్చిన కణములు రోగి దేహముపైననే తిరుగబడుట గలదు. దాని నణచుటకు డొనాల్ టామసుగారి బృందము వాడినదియు మెథోట్రెక్సేటే. టామసుగారికి 1990లో నోబెలు బహుమానము వచ్చెను. మన దేశమున ఈ చికిత్స 1983లో బొంబాయి టాటా ఆసుపత్రిలో సఫలమయ్యెను. రాయవేలూరున 1986 నుండి జరుగుచున్నది.

మందు గలదు, వైద్యులును గలరు. ఇక కొఱత ఎచట? నందికొట్కూరు చుట్టుపట్ల పల్లెలో ఒక బిడ్డకు జ్వరము తగ్గక, ముఖము పాలిపోయి, చిగుళ్లనుండి రక్తము కారి, ఒంటిపై ఎఱ్ఱని చుక్కలు లేచినచో, రక్తము తక్కువయని టానిక్కుతో నెల గడపుట తగదు. రక్తకణముల లెక్క ఆ దినముననే చేయింపవలెను. పిమ్మట కర్నూలు దాటి హైదరాబాదునకో బెంగుళూరునకో పోవలసి వచ్చును. ప్రభుత్వ వైద్యసహాయము చికిత్స వ్యయమునకు కొంత తోడ్పడినను, దారిఖర్చులు, గదియద్దె, పోయిన కూలి ఎవరిత్తురు? బిడ్డ తేరుకొన్నట్లు కనబడగనే, సేద్యపు వేళయని తల్లిదండ్రులు ఇంటికి తిరిగివచ్చుట గలదు. 1948లో మందు చాలక వ్యాధి తిరిగి వచ్చినది; నేడు చికిత్స నడుమ నిలిచిపోయి తిరిగివచ్చుట మనకెల్లరకు సిగ్గుచేటు.

కాకినాడ ధర్మము ఒక పేద విద్యార్థిని సముద్రము దాటించినది. కె.సి. కాలువ క్రింద పండించుకొను భూస్వాములును, పట్టణమందలి వర్తకులును, ఉద్యోగులును కలిసి, అట్టి బిడ్డ నొక్కని చికిత్స ముగియువరకు పట్టణమున నిలుపగల నిధి నేర్పరుపలేరా? విగ్రహములు, సభలు వలదనము. కాని సుబ్బారావుగారి ఋణము తీరుటకు చికిత్స పూర్తియై ఇల్లు చేరిన బిడ్డకంటె మిన్నయైన స్మారకము మాకు కనబడదు.