ఇనుప పువ్వులు, ఇనుప గొట్టం

ఎడ్గార్ బ్రాంట్ పేరు డిజైన్ పుస్తకాల్లోనూ ఉంటుంది, ఆయుధాల పుస్తకాల్లోనూ ఉంటుంది. ఇద్దరు వేర్వేరు మనుషులేమో అనుకున్నాను. కాదు, ఒక్కరే.

ఆయన 1880లో పారిస్‌లో పుట్టారు. వియెర్జోన్ టెక్నికల్ స్కూల్లో లోహపు పని నేర్చుకుని, పారిస్‌లో సొంత వర్క్‌షాప్ పెట్టారు. గేట్లు, మెట్ల రెయిలింగులు, దీపాలు చేసేవారు. కొలిమిలో కాల్చిన ఇనుమును తీగల్లా, ఆకుల్లా వంచేవారు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక అదే చేతులతో గాలి ఒత్తిడితో పనిచేసే చిన్న మోర్టార్ తయారుచేశారు.

యుద్ధం అయిపోయింది. పేరు తెలియని సైనికుడి సమాధి దగ్గర, పారిస్ విజయ తోరణం కింద, 1923లో జ్యోతి వెలిగించారు. ఆ జ్యోతి వెలిగే లోహపు పళ్లెం చేసింది బ్రాంటే. చుట్టూ నక్షత్రంలా కత్తులు, మధ్యలో ఫిరంగి నోరు. మంట ఆ నోట్లోంచే వస్తుంది.

తర్వాత ఆయన మళ్లీ మోర్టార్ దగ్గరికే వెళ్లారు. అప్పటికి బ్రిటన్‌వాళ్ల స్టోక్స్ మోర్టార్ ఉంది. చాలా సింపుల్: గొట్టం పై నుంచి బాంబు జారవిడిస్తే, అడుగున ఉన్న పిన్ను తగిలి పేలి పైకి లేస్తుంది. కానీ ఆ బాంబు గాల్లో పల్టీలు కొట్టేది. బ్రాంట్ బాంబుకి నీటిబొట్టు ఆకారం ఇచ్చి, తోకకి రెక్కలు పెట్టారు. అంతే, అది తిన్నగా ఎగిరి, ఇంకా దూరం వెళ్లి, ముక్కు మీద పడటం మొదలుపెట్టింది.

అమెరికా సైన్యం ఆ డిజైన్లు తీసుకుంది. 81 మిల్లీమీటర్లది ఎం1 అయింది, 60 మిల్లీమీటర్లది ఎం2. ఎం2 బరువు సుమారు 19 కిలోలు, అంటే సైనికులు మోసుకుని కొండ ఎక్కొచ్చు. దాని బాంబు కిలోన్నర లోపే, కానీ దాదాపు 1,800 మీటర్లు వెళ్తుంది. ఎక్కువ దూరం కావాలంటే తోక దగ్గర మందు పొట్లాలు ఎక్కువ ఉంచుతారు, తక్కువ దూరానికి కొన్ని తీసేస్తారు. రెండో ప్రపంచ యుద్ధంలో, తర్వాత కొరియాలో అవే పేలాయి.

బ్రాంట్ 1960లో చనిపోయారు. ఆయన చెడ్డవాడని నాకు అనిపించదు, అదే నన్ను ఇబ్బంది పెడుతుంది. ఆకు వంపులో చూపిన శ్రద్ధే బాంబు వంపులోనూ చూపించారు. మనమూ అంతే కదా, ముందు కోడ్ రన్ అయిందా అనే చూస్తాం. అది ఎవరి మీద రన్ అవుతుందో ఎవరూ అడగరు.

పారిస్‌లో ఆ జ్యోతిని ఇప్పటికీ రోజూ సాయంత్రం 6:30కి మళ్లీ రగిలిస్తారు.