తన ఒంటి లెక్క చూసుకోని మేడమ్ క్యూరీ

మన ఆసుపత్రుల్లో ఎక్స్‌రే తీసే సిబ్బంది చొక్కాకు చిన్న బిళ్ల తగిలించుకుంటారు. ఒంటిపై ఎంత కిరణం పడిందో అది పట్టి ఉంచుతుంది. మూడు నెలలకొకసారి దాన్ని పరీక్షకు పంపితే లెక్క తెలుస్తుంది. రేడియం కనిపెట్టిన మేరీ క్యూరీకి అటువంటి బిళ్ల లేదు.

ఆమె 1867 నవంబరు 7న పోలెండులోని వార్సాలో జన్మించారు. తండ్రి బడిపంతులు. అక్కడి విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలకు ప్రవేశం లేదు. కలవారి ఇళ్లలో పిల్లలకు పాఠాలు చెప్పి, ముందు అక్కను పారిస్‌లో చదివించి, 1891లో తానూ అక్కడికి చేరారు. 1895లో పియరీ క్యూరీని వివాహమాడారు.

1898లో దంపతులిద్దరూ పొలోనియం, రేడియం ఉన్నాయని ప్రకటించారు. అయితే కంటికి చూపాలి గదా! వానకు కారే పాత షెడ్డులో, తనంత ఎత్తు ఇనుప కడ్డీతో మరిగే గని తుక్కును మేరీ కలియబెట్టేవారు. టన్నుల కొద్దీ తుక్కు వడగట్టగా 1902 నాటికి చేతికొచ్చింది గ్రాములో పదోవంతు రేడియం లవణం. రాత్రిళ్లు ఆ గాజు గొట్టాలు మిణుగురుల్లా వెలుగుతుంటే చూసి మురిసిపోయేవారు. వేళ్ల చర్మం కమిలి ఊడుతున్నా లక్ష్యపెట్టలేదు.

1903లో భర్తతోనూ, బెక్వెరెల్‌తోనూ కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు. 1906లో పియరీ గుర్రపుబండి కింద పడి మరణించారు. 1911లో రెండో నోబెల్ ఆమె ఒక్కరికే వచ్చింది. రేడియం కొలతకు ప్రమాణంగా సుమారు 22 మిల్లీగ్రాముల లవణాన్ని ఆ ఏడే ఆమె సిద్ధం చేసి ఇచ్చారు. అంత చేయి తిరిగిన మనిషి కూడా తన ఒంట్లో చేరింది ఎంతో తూచుకోలేదు.

1914లో యుద్ధం వచ్చింది. ఎక్స్‌రే యంత్రాలు బిగించిన మోటారు బళ్లను ఆమె యుద్ధరంగానికి నడిపించారు. పదిహేడేళ్ల కూతురు ఐరీన్ కూడా సాయం పట్టింది. సైనికుల ఒంట్లో తూటా ఎక్కడ దిగిందో చూపి ఎందరినో కాపాడారు. ఆ బళ్లలో రక్షణ మాత్రం అంతంతే.

రేడియంతో పనిచేసేవారికి సీసపు తెరలు, తరచు రక్తపరీక్షలు కావాలని 1925లో ఫ్రెంచి వైద్య అకాడమీకి చెప్పిన సంఘంలో ఆమె సభ్యురాలు. తన ప్రయోగశాల వారికీ అదే కట్టడి. తన వరకు వచ్చేసరికి మంచి గాలి పీలిస్తే చాలనుకున్నారు. కళ్లకు శుక్లాలు వచ్చి పలుమార్లు ఆపరేషన్ జరిగింది. చివరకు ఎముకల్లోని మూలుగ రక్తం తయారుచేయడం మానేసింది. 1934 జూలై 4న కన్నుమూశారు.

1995లో ఆమె అస్థికలను పారిస్‌లోని పాంథియన్‌కు తరలించేటప్పుడు అధికారులు శవపేటికలో కిరణాలను కొలిచారు. రేడియం సగం తరగడానికే 1,600 ఏళ్లు పడుతుంది గనుక ఒంట్లో ఎక్కువగా ఉంటే తెలిసిపోవాలి. కొద్దిగానే కనిపించింది. ప్రాణం తీసింది యుద్ధకాలపు ఎక్స్‌రేలు కావచ్చునని అప్పుడు అనుకున్నారు.