రచ్చ గెలిచి ఇంట ఓడిన లింకన్.. పుట్టిన రాష్ట్రంలో పడింది 1,364 ఓట్లే!

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు పెద్దలు. అబ్రహాం లింకన్ విషయంలో మాత్రం సీన్ రివర్స్. అమెరికా అధ్యక్షుడిగా రెండుసార్లు గెలిచిన ఆయన.. తాను పుట్టిన కెంటకీలో రెండుసార్లూ ఓడిపోయారు. అదీ మామూలు ఓటమి కాదు. 1860లో ఆ రాష్ట్రంలో పోలైన ఓట్లు దాదాపు 1.46 లక్షలు. అందులో లింకన్‌కు వచ్చినవి 1,364. నూటికి ఒక్కటి కూడా లేదన్నమాట. సొంతగడ్డకు ఆయన మీద అంత కోపం ఎందుకు?

ఏడేళ్ల వయసులో నది దాటి..

1809 ఫిబ్రవరి 12న కెంటకీలోని హాడ్జెన్‌విల్ దగ్గర ఓ చిన్న చెక్క ఇంట్లో లింకన్ పుట్టారు. తండ్రి థామస్ రైతు. వడ్రంగి పని కూడా చేసేవారు. ఆయన కొన్న భూములకు హక్కు పత్రాల గొడవలు.. ఒకటి తేలకముందే ఇంకొకటి. పైగా బానిసలతో సాగు చేయించే ఆసాముల మధ్య చిన్న రైతు నెగ్గుకురావడం కష్టం. దీంతో 1816లో కుటుంబం ఓహియో నది దాటి, బానిసత్వం లేని ఇండియానాకు వెళ్లిపోయింది. రెండేళ్లకే తల్లి నాన్సీ చనిపోయారు. తండ్రి మళ్లీ కెంటకీకే వెళ్లి, పాత పరిచయమున్న శారా అనే వితంతువును పెళ్లాడి తీసుకొచ్చారు. కుర్రాడిని చదువుకోమని వెన్నుతట్టింది ఆ సవతి తల్లే. బడికి వెళ్లింది అంతా కలిపితే ఏడాది కూడా ఉండదు.

1830లో మకాం ఇలినాయ్‌కి మారింది. కొట్టు పెట్టి నష్టపోయారు, పోస్ట్‌మాస్టర్‌గా చేశారు, భూములు కొలిచారు, సొంతంగా పుస్తకాలు చదివి లాయర్ అయ్యారు. ఇదంతా చాలామందికి తెలిసిన కథే. పెద్దగా ఎవరూ చెప్పుకోనిది ఏంటంటే.. మనిషి ఇలినాయ్‌లో ఉన్నా బంధాలన్నీ కెంటకీతోనే. 1842లో పెళ్లి చేసుకున్న మేరీ టాడ్‌ది కెంటకీలోని లెగ్జింగ్టన్. ఆమె పుట్టింట్లో పని చేసేది బానిసలే. ప్రాణ స్నేహితుడు జాషువా స్పీడ్‌ది లూయివిల్ దగ్గర పెద్ద వ్యవసాయ క్షేత్రం. అక్కడా బానిసలే. రాజకీయంగా లింకన్ ఆరాధించిన హెన్రీ క్లే కూడా కెంటకీ నాయకుడే. అంటే బానిసల యజమానులు ఎలా ఆలోచిస్తారో ఆయనకు అత్తారింటి నుంచే తెలుసు.

అందరి ముందూ గట్టిగా చెప్పాలి!

1860 ఎన్నికల్లో నలుగురు బరిలో దిగారు. బానిసత్వం కొత్త ప్రాంతాలకు పాకకూడదన్నది లింకన్ నిలబడ్డ రిపబ్లికన్ పార్టీ వాదన. ఉన్న చోట రద్దు చేస్తామని ఆ పార్టీ అనలేదు. అయినా కెంటకీ వినే మూడ్‌లో లేదు. అప్పటి లెక్కల ప్రకారం రాష్ట్ర జనాభా 11.5 లక్షల పైచిలుకు. అందులో 2.25 లక్షల మంది బానిసలు. అంటే ప్రతి ఐదుగురిలో ఒకరు ఇంకొకరి ఆస్తి. వాళ్లకు ఓటు లేదు, ఆడవాళ్లకూ లేదు. ఓటేసేది తెల్లజాతి మగవాళ్లే.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. అప్పట్లో కెంటకీలో రహస్య బ్యాలెట్ లేదు. ఓటరు ఎన్నికల అధికారుల ముందు నిలబడి, ఎవరికి ఓటేస్తున్నాడో నోటితో పైకి చెప్పాలి. గుమాస్తా దాన్ని పుస్తకంలో రాసుకునేవాడు. చుట్టూ ఇరుగుపొరుగు, అప్పులిచ్చినవాళ్లు, పొలం యజమాని.. అందరూ వింటారు. లింకన్ పేరు పలికితే మర్నాటి నుంచి ఊళ్లో బతుకు ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. అలాంటి చోట ఆ పేరు పైకి చెప్పినవాళ్లు 1,364 మంది. అంకె చూస్తే నవ్వొస్తుంది కానీ, ఆ ధైర్యం చిన్నదేం కాదు. నోరు విప్పలేక ఆగిపోయినవాళ్లు ఎందరున్నారో ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు.

గెలిచింది ఎవరంటే.. గొడవలొద్దు, దేశం కలిసి ఉంటే చాలన్న టెనెసీ నేత జాన్ బెల్. ఆయనకు 66,058 ఓట్లు. అప్పటికి ఉపాధ్యక్ష పదవిలో ఉన్న జాన్ బ్రెకిన్‌రిడ్జ్‌ది కెంటకీయే, అదీ మేరీ పుట్టిల్లున్న లెగ్జింగ్టనే. బానిసత్వానికి గట్టిగా కొమ్ముకాసిన ఆయనకు 53,143 ఓట్లు మాత్రమే వచ్చాయి. అంటే బానిసత్వం వదలొద్దు, దేశాన్ని విడగొట్టొద్దు.. రెండూ కావాలన్నది కెంటకీ లెక్క. దేశం మొత్తం మీద లింకన్ 40 శాతంలోపు ఓట్లతోనే, ఉత్తరాది రాష్ట్రాల బలంతో 180 ఎలక్టోరల్ ఓట్లు సాధించి గెలిచారు.

1861 ఏప్రిల్‌లో అంతర్యుద్ధం మొదలైంది. విడిపోయిన దక్షిణాదికి అధ్యక్షుడైన జెఫర్సన్ డేవిస్ పుట్టిందీ కెంటకీలోనే! లింకన్ సైన్యం కావాలని అడిగితే గవర్నర్ మగాఫిన్ ఇవ్వనన్నారు. రాష్ట్రం తటస్థమని ప్రకటించుకుంది. లింకన్ తొందరపడలేదు. కెంటకీ చేజారితే మిగతా సరిహద్దు రాష్ట్రాలూ నిలవవని ఆయన భయం. మిస్సోరిలో జనరల్ ఫ్రీమాంట్ తిరుగుబాటుదారుల బానిసలను విడుదల చేస్తున్నట్లు ఆదేశమిస్తే, కెంటకీ ఎక్కడ చేజారుతుందోనని లింకనే దాన్ని వెనక్కి తీసుకునేలా చేశారు. బానిసత్వం మీద మెతకబడ్డారని సొంత పార్టీ వాళ్లే మండిపడ్డారు. ఆ విమర్శలో నిజం లేకపోలేదు. కానీ సెప్టెంబర్‌లో దక్షిణాది సైన్యమే ముందు రాష్ట్రంలోకి చొరబడింది. దాంతో కెంటకీ శాసనసభ లింకన్ వైపు నిలిచింది.

వైట్ హౌస్‌లో శత్రువు భార్య

యుద్ధం ఆయన ఇంట్లోకే వచ్చింది. మేరీ సవతి చెల్లెలు ఎమిలీ అంటే లింకన్‌కు ఎంతో అభిమానం. ఆమె భర్త బెన్ హెల్మ్‌కు సైన్యంలో మంచి ఉద్యోగం ఇస్తానన్నారు. హెల్మ్ కాదని దక్షిణాది సైన్యంలో చేరారు, జనరల్ అయ్యారు. 1863 సెప్టెంబర్‌లో చికమాగా యుద్ధంలో చనిపోయారు. డిసెంబర్‌లో ఎమిలీ కూతురిని వెంటబెట్టుకుని వైట్ హౌస్‌కు వచ్చింది. తిరుగుబాటుదారుడి భార్యను అధ్యక్ష భవనంలో పెట్టుకోవడమేంటని సెనేటర్లు, సైనికాధికారులు గొణిగారు. తన ఇంటికి ఎవరు రావాలో తాను, తన భార్య చూసుకుంటామని లింకన్ తేల్చేశారు. మేరీ సవతి తమ్ముళ్లు కూడా అవతలి పక్షాన పోరాడి చనిపోయారు. పుట్టింటివాళ్ల కోసం ఏడిస్తే ఉత్తరాదికి కోపం, ఏడవకపోతే పుట్టింటికి కోపం.. ఆమె పరిస్థితి అదీ.

1863 జనవరి 1న వచ్చిన విముక్తి ప్రకటన కెంటకీకి వర్తించలేదు. అది తిరుగుబాటు ప్రాంతాలకు మాత్రమే. అంతకుముందు ఏడాదే, పరిహారం తీసుకుని బానిసలను క్రమంగా విడిచిపెట్టమని సరిహద్దు రాష్ట్రాల నేతలను లింకన్ బతిమాలారు. ఒప్పుకోలేదు. 1864లో నల్లజాతి వారిని సైన్యంలో చేర్చుకోవడం మొదలవగానే అక్కడ అగ్గి రాజుకుంది. చేరినవాడికి స్వేచ్ఛ వస్తుంది కదా! పొలాలు వదిలి, రాత్రికి రాత్రి నడిచి క్యాంప్ నెల్సన్ చేరినవాళ్లు వేలల్లో ఉన్నారు. మొత్తం 23 వేలకు పైగా కెంటకీ నల్లజాతీయులు యూనియన్ సైన్యంలో పనిచేశారు. ఓటు లేనివాళ్లు తమ తీర్పు ఇలా చెప్పారనుకోవాలి.

ఓటున్నవాళ్ల తీర్పు వేరు. జులైలో రాష్ట్రంలో సైనిక పాలన పెట్టారు. గెరిల్లాలు ఒక యూనియన్ వ్యక్తిని చంపితే నలుగురు ఖైదీలను కాల్చేయాలని జనరల్ బర్‌బ్రిడ్జ్ ఆదేశించారు. దాంతో జనం లింకన్ పేరెత్తితేనే భగ్గుమన్నారు. నవంబర్‌లో లింకన్‌కు 27,787 ఓట్లు, ఆయన పదవి నుంచి తప్పించిన మాజీ సేనాని మెక్లెలన్‌కు 64,301 ఓట్లు పడ్డాయి. నాలుగేళ్ల కిందటి 1,364తో పోలిస్తే ఇరవై రెట్లు. అయినా చిత్తుగా ఓటమే. దేశమంతా 212 ఎలక్టోరల్ ఓట్లు వస్తే, ఆయన ఓడింది మూడే రాష్ట్రాల్లో.. న్యూజెర్సీ, డెలావేర్, కెంటకీ.

1865 ఏప్రిల్ 14న వాషింగ్టన్‌లోని నాటకశాలలో బూత్ కాల్పులు జరిపాడు. మర్నాడు ఉదయం లింకన్ కన్నుమూశారు. వయసు 56. హాడ్జెన్‌విల్ దగ్గర ఆయన పుట్టిన చోట 1911లో స్మారక మందిరం తెరిచారు. ఆయన బతికిన ఒక్కో ఏడాదికి ఒక్కటి చొప్పున దానికి 56 మెట్లు. ఇక బానిసత్వాన్ని రద్దు చేసే 13వ రాజ్యాంగ సవరణను, ఆయన బతికుండగానే, 1865 ఫిబ్రవరిలో కెంటకీ శాసనసభ తిరస్కరించింది. మిగతా రాష్ట్రాల మద్దతుతో ఆ డిసెంబర్‌లో అది చట్టమై కెంటకీ బానిసలకు కూడా విముక్తి దొరికింది. కెంటకీ మాత్రం దానికి లాంఛనంగా ఆమోదం తెలిపింది 1976లో.